బీఎడ్ ఖర్చు ఫీజుతో అయిపోదు

బీఎడ్ సీట్ల కోసం ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, తెలిసినవాళ్లందరి నుంచి ఒకటే ప్రశ్న. "అక్కా, డిగ్రీ అయిపోయింది, బీఎడ్‌లో చేరమంటావా?" చేరమంటే వాళ్లమ్మకి సంతోషం, వద్దంటే నామీద కోపం. అందుకే ఈసారి ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు లెక్కంతా ఇక్కడ రాసి పెడుతున్నా. నేను ప్రైవేటు స్కూళ్లలో ఏళ్ల తరబడి హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తున్నదాన్నే, బీఎడ్ కూడా ఉంది, కాబట్టి కుళ్లుతో రాసిందని ఎవరూ అనరనుకుంటా.

ముందు పోస్టుల సంగతి చూద్దాం. 2024లో తెలంగాణ డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల భర్తీ నోటిఫికేషన్ పడింది, మొత్తం 11,062 పోస్టులు. పదకొండు వేలు అనగానే ఇంట్లో నాన్నలకి కళ్లు మెరుస్తాయి. ఆ అంకెని ఒకసారి విడగొట్టి చూడండి. అందులో ఎస్జీటీలు, అంటే ప్రైమరీ పిల్లలకి చెప్పే టీచర్లు, 6,508. లాంగ్వేజ్ పండిట్, పీఈటీ, స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు తీసేస్తే స్కూల్ అసిస్టెంట్లు, అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పేవాళ్లు, 2,629. డిగ్రీ చేసి మామూలుగా బీఎడ్ చేసినవాళ్లలో ఎక్కువమంది పోటీ పడేది ఈ 2,629కే. అదీ 33 జిల్లాలు, అన్ని సబ్జెక్టులు, అన్ని మీడియంలు కలిపి. మన జిల్లాకి, మన సబ్జెక్టుకి, మన మీడియానికి, రిజర్వేషన్ రోస్టర్‌లో మన కేటగిరీకి వచ్చేసరికి ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి అదీ ఉండదు. అప్లికేషన్లు మాత్రం రెండున్నర లక్షలు దాటాయి.

మరి ఎస్జీటీకి బీఎడ్ వాళ్లు ఎందుకు పనికిరారు అంటారా? 2018లో టీచర్ శిక్షణకి నియమాలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ పనికొస్తారనే చెప్పింది, ఉద్యోగం వచ్చాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలంది. ఆ ఆశతో ఎంతమంది చేరారో! రాజస్థాన్ నుంచి వెళ్లిన కేసులో 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిన్న పిల్లలకి చెప్పడానికి ఇంటర్ తర్వాత చేసే డీఎడ్ శిక్షణే కావాలంది. తీర్పు తప్పని నేననను. ఆరేళ్ల పిల్లాడికి అక్షరాలు దిద్దించడం, పదో తరగతికి త్రికోణమితి చెప్పడం ఒకటి కాదు కదా. నా బాధల్లా, ఆ తీర్పు తర్వాత బీఎడ్ విలువ ఇంతగా మారిపోయిందని అడ్మిషన్ కోసం వెళ్లిన పిల్లకి ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పరు.

ఇంకో తిరకాసు కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం ప్రమోషన్లతో నింపుతారు, నేరుగా భర్తీ చేసేది 30 శాతమే. ప్రమోషన్ ఎవరికి? ఎస్జీటీగా చేరి, బీఎడ్ కూడా ఉన్నవాళ్లకి. అంటే ఇంటర్ అవ్వగానే డీఎడ్ చేసి ఉద్యోగంలో చేరినవాడికి బీఎడ్ నిజంగా కలిసొస్తుంది, డిగ్రీ తర్వాత బీఎడ్ ఒక్కటే చేతిలో పట్టుకున్నవాళ్లు మిగిలిన ఆ ముప్పై కోసం కొట్టుకోవాలి.

ఆంధ్రలో పరిస్థితి కొంచెం నయం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులైతే, స్కూల్ అసిస్టెంట్లే 7,725. బాగానే ఉంది, కానీ అంతకుముందు అక్కడ పూర్తయిన పెద్ద డీఎస్సీ 2018ది. మా తెలంగాణలోనూ 2017 టీఆర్టీ (డీఎస్సీకే అప్పుడు ఆ పేరు) తర్వాత మళ్లీ 2024లోనే. రెండు చోట్లా మధ్యలో నోటిఫికేషన్లు వచ్చాయి, ప్రభుత్వాలు మారాయి, అవి రద్దయ్యాయి. ఇరవై నాలుగేళ్లకి బీఎడ్ పూర్తిచేసిన ఆడపిల్ల అన్నేళ్లు ఎదురుచూస్తే ఎన్నేళ్లకి వస్తుందో, ఈలోగా ఇంట్లో ఏమేం జరుగుతాయో మీకు తెలియనిదేముంది?

ఇక డబ్బు సంగతి. బీఎడ్‌కి అప్పేముంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు చేర్చుకునేటప్పుడు కాలేజీవాళ్లు. ఉంది, కాగితం మీద. ప్రభుత్వం నుంచి రాలేదు, మీరే కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి అని కోర్సు అయ్యాక కాలేజీవాళ్లు చెప్పేది అదే నోటితో. దానికి తోడు రికార్డులకి, టీచింగ్ ప్రాక్టీస్‌కి, ప్రాక్టికల్స్‌కి అంటూ రసీదు లేని వసూళ్లు. కొన్ని కాలేజీల్లో 'నాన్ అటెండింగ్' అని ఒక ప్యాకేజీయే నడుస్తోంది, డబ్బు కడితే క్లాసుకి రానక్కర్లేదు, లెసన్ ప్లాన్ రికార్డులు కూడా ఎవరో రాసిస్తారు. 2015 నుంచి కోర్సుని ఏడాది నుంచి రెండేళ్లు చేసింది పాఠం చెప్పడం బాగా నేర్పాలని. అలాంటి కాలేజీల్లో పెరిగింది రెండో ఏడాది ఫీజు ఒక్కటే.

మన ఇళ్లలో బీఎడ్ కోసం బ్యాంకుకెళ్లి ఎడ్యుకేషన్ లోన్ అడిగేవాళ్లు తక్కువ. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్తాయి, డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోన్ ఇటు మళ్లుతుంది, మిగతాది ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి. పిల్ల పేరు మీద ఏదీ ఉండదు కాబట్టి పిల్లకి అప్పే లేనట్టు కనిపిస్తుంది. తర్వాత డీఎస్సీ కోచింగ్. అవనిగడ్డో, దిల్‌సుఖ్‌నగరో, ఎక్కడికెళ్లినా హాస్టల్, మెస్, టెస్ట్ సిరీస్, మళ్లీ టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, స్కోరు పెంచుకోవడానికి ఇంకో కోచింగ్, ఎందుకంటే డీఎస్సీ ఎంపికలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ. అన్నీ కలిపి లక్షన్నర అప్పు అనుకోండి, తక్కువే వేశాను. రెండు రూపాయల వడ్డీకి నెలకి 3,000 అవుతుంది. తీసుకున్న అసలు అలాగే ఉంటుంది, ఇది వడ్డీ మాత్రమే.

ఇప్పుడు జీతం దగ్గరికి రండి. గవర్నమెంట్ స్కూల్ అసిస్టెంట్‌కి తెలంగాణలో బేసిక్ 42,300, ఆంధ్రలో 44,570తో మొదలవుతుంది, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిస్తే యాభై వేలు దాటుతుంది. మా చిన్న టౌన్‌లో బీఎడ్ ఉన్న ప్రైవేటు టీచర్‌కి పన్నెండు, పదమూడు, బాగా సీనియర్ అయితే పదహారు వేలు. వేసవిలో జీతం ఉండదు. కానీ అడ్మిషన్ల క్యాంపెయిన్ మాత్రం ఉంటుంది. ఏప్రిల్ ఎండలో చున్నీ నెత్తిన కప్పుకుని, పాంప్లెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం, ఏ గేటు వెనకాల కుక్క ఉందో కూడా మాకు గుర్తే. ఇచ్చిన టార్గెట్ ప్రకారం పిల్లలు చేరకపోతే జూన్‌లో మన పిరియడ్లు ఇంకొకరికి వెళ్లిపోతాయి.

ఒకసారి బీఎడ్ ఉంది కదా, కొంచెం పెంచండి సార్ అని అప్పటి మా కరస్పాండెంట్‌ని అడిగా. "మీ బీఎడ్ మాకు ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు ఫైల్లో అవసరం మేడం, జీతం అందరికీ ఒకటే" అన్నాడాయన నవ్వుతూ. పక్క క్లాసులో బీఎస్సీ మాత్రమే చదివిన అమ్మాయికీ నాకూ తేడా అయిదు వందలు. మా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఆయన బీరువాలో ఉండేవి.

కరోనాలో స్కూళ్లు మూసేసినప్పుడు మా బతుకేంటో ఊరందరికీ తెలిసింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నా, సిగ్గేం లేదు, ఇచ్చినందుకు మంచిదే. కానీ రెండు డిగ్రీలు చదివినవాళ్లని ఆ వరుసలో నిలబెట్టిన ఉద్యోగం అది.

"ఎప్పటికైనా వస్తుందిలే" అనే మాటంటే నాకు భయం. 2008 డీఎస్సీలో నష్టపోయిన బీఎడ్ వాళ్లకి తెలంగాణలో 2025లో ఉద్యోగం వచ్చింది, అదీ కాంట్రాక్టు మీద, నెలకి 31,040కి. ఆంధ్రలో 1998 డీఎస్సీ వాళ్లకి ఇరవై ఏళ్లు దాటాక, తలలు నెరిశాక, మినిమం టైమ్ స్కేల్ మీద, అంటే స్కేలులో మొదటి బేసిక్ జీతానికే ఇచ్చారు. వాళ్ల ఫొటోలు చూసి అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం కడుపు రగిలిపోయింది.

అలాగని ఎవరూ చేరొద్దని కాదు. ఇంట్లో అప్పు లేకుండా గడిచిపోతే, పేరున్న యూనివర్సిటీ కాలేజీలో సీటొస్తే, ఇంగ్లిష్‌లో ధైర్యంగా పాఠం చెప్పగలిగితే చేరండి. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (హైస్కూల్ టీచర్) పోస్టులకి బీఎడ్ కావాల్సిందే, హైదరాబాద్‌లోని పెద్ద స్కూళ్లు కూడా మా టౌన్ స్కూళ్లకంటే బాగా నయంగా ఇస్తాయి. కానీ చేరే ముందు గత డీఎస్సీలో మీ జిల్లాలో, మీ సబ్జెక్టుకి ఎన్ని పోస్టులు పడ్డాయో నోటిఫికేషన్ తెరిచి చూడండి. ముఖ్యంగా బీఎడ్‌లో బోధన సబ్జెక్టుగా సోషల్ (మెథడాలజీ) తీసుకునేవాళ్లు, ఎందుకంటే ఆ గుంపు ఎప్పుడూ పెద్దదే. తాకట్టు పెట్టేది అమ్మ బంగారమైతే ఆ నోటిఫికేషన్ అమ్మకి కూడా చదివి వినిపించండి.

ఇంటర్‌లో ఉండగానే టీచర్ అవుతానని గట్టిగా అనుకునే పిల్లలుంటే వాళ్లని బీఎడ్ దాకా ఆగనివ్వకండి. డీఎడ్ కోసం డీసెట్ రాయించండి, లేదా డిగ్రీ, బీఎడ్ కలిపి ఉండే నాలుగేళ్ల ఐటెప్‌కి ఎన్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయించండి, వరంగల్ నిట్‌లోనే ఉంది ఆ కోర్సు, డిగ్రీ మూడు, బీఎడ్ రెండు అని అయిదేళ్లు పోయే చోట ఒక ఏడాది మిగులుతుంది.