ఆ కుక్కకు పిచ్చి లేదు, పని లేదు

హన్మకొండలో మా వీధి చివరి అపార్ట్‌మెంట్‌లో ఒక బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్క ఉంది. పొద్దున భార్యాభర్తలు డ్యూటీలకు, పిల్లలు బడికి పోతూ దాన్ని బాల్కనీలో కట్టేస్తారు, సాయంత్రం దాకా ఆ నాలుగడుగుల్లోనే తిరుగుతూ అరుస్తూనే ఉంటది. మొన్న మెట్ల దగ్గర ఉరికిన పిల్లాడి మడమ పట్టింది. అప్పటి నుంచి అందరూ దాన్ని పిచ్చిది అంటుంటే నాకు మనసు కాలుతోంది.

మాలినోయిస్ అసలు బెల్జియంలో గొర్రెల మందల కోసం పెంచిన జాతి. ఉరికేదాన్ని వెంటాడి ఆపడం దాని రక్తంలోనే ఉంది. తర్వాత పోలీసులు, సైన్యాలు తీసుకున్నాయి. 2011లో పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో లాడెన్ ఇంటి మీదికి అమెరికా కమాండోలతో వెళ్లిన కైరో అనే కుక్క ఈ జాతిదే, మన సీఆర్‌పీఎఫ్ కూడా మందుపాతరలు పసిగట్టడానికి వీటిని వాడుతోంది. కానీ అక్కడ దాన్ని చూసుకోవడమే ఉద్యోగంగా ఒక మనిషి ఉంటాడు. "రోజూ భద్రకాళి చెరువు బండ్ మీద అరగంట తిప్పుతున్నాం కదా" అంటే సరిపోదు. ఉరికిస్తే ఒళ్లు గట్టిపడుతది గానీ బుర్రకు మేత దొరకదు. వాసన పట్టి వెతకడం, చెప్పింది చేయడం లాంటి పని రోజూ కావాలి.

మన కురుమల మంద వెంట పోయే కుక్కను చూడండి, దినమంతా గొర్లతో నడిచి రాత్రి మంద చుట్టూ కాపలా కాస్తది. దాని కోరలు కూడా వాడివే, అయినా దాని శక్తంతా పనికే పోతది.

హస్కీ జాతి కుక్క సంగతి ఇంకా ఘోరం. 1925లో మైనస్ డిగ్రీల చలిలో, దాదాపు వెయ్యి కిలోమీటర్లు వంతులవారీగా మంచు మీద బండ్లు లాగి అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందు చేర్చినవి ఇలాంటి స్లెడ్జ్ కుక్కలే. అలాంటిదాన్ని మే నెలలో రామగుండంలో పెంచడమేంది? ఏసీ గదిలో పెడితే బతుకుతదేమో, దాని పరుగు ఎక్కడ తీరాలి?

అమ్మేవాళ్లు రెండు నెలల పిల్లను చేతిలో పెడతారు, అప్పుడది దూదిముద్దలా ఉంటది, అసలు గుణం పెరిగేకొద్దీ బయటపడుతది. కొనేముందు ధర ఒక్కటే కాదు, ఆ జాతిని ఏ పనికి పెంచారో, రోజుకు ఎన్ని గంటలు కావాలో కూడా అడగండి. అంత టైం లేకపోతే మన వీధి కుక్క పిల్లనే తెచ్చుకోండి, ఈ ఎండ దానికి కొత్త కాదు. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాత్రం మరవద్దు.