పాచిపోయిన పులుసుకూ బిల్లు కట్టాలా?

పోయిన నెల నెల్లూరులో మద్రాసు బస్టాండు దగ్గర ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాను. పేరెందుకు లెండి. చేపల పులుసు విడిగా 140 రూపాయలు. రెండో ముద్దకే సంగతి తెలిసిపోయింది. ఎదురుగా ఉన్న పెద్దాయన అప్పటికే పులుసు గిన్నె పక్కకు నెట్టి మజ్జిగ పోయించుకుంటున్నాడు. వడ్డించే కుర్రాడికి చెబితే వాడు కౌంటరు వైపు చూశాడు. కౌంటర్లో ఆయన నవ్వాడు. "చేపల పులుసు మర్నాడే గదన్నా రుచి! మీది నెల్లూరు కాదా ఏంది?"

చుట్టుపక్కల నలుగురూ నవ్వారు. మాట నిజమే గనక నవ్వారు. మామిడికాయ ముక్కలేసి దించిన పులుసు రాత్రంతా మట్టి దాకలో ఊరితే ఆ రుచే వేరు. కానీ ఊరిన పులుసు వేరు, పాచిపోయిన పులుసు వేరు. మొదటిదాని పులుపు నాలుకకు తగులుతుంది. రెండోదాని పులుపు ముక్కుకు తగులుతుంది, ముక్క పట్టుకుంటే పిండిలా విడిపోతుంది. ఇక్కడ పుట్టినవాడికి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. గిన్నె తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టి, వాసన చూడమన్నాను. చూశాడు. ఏమీ మాట్లాడకుండా 140 తగ్గించాడు.

పెద్దాయన మాత్రం మొత్తం కట్టేశాడు. చెప్పులేసుకుంటూ నాతో అన్నాడు: "మంచి పని చేశారు. నాకు నోరు రాలేదు."

నా గొడవంతా ఆ రాని నోరు గురించే. అన్నానికి వంక పెట్టకూడదని చిన్నప్పుడు మనందరికీ చెప్పారు. అమ్మ వండిన అన్నానికి చెప్పిన మాట అది, డబ్బు తీసుకుని వండేవాడికి కాదు. గల్లాపెట్టె ముందు ఆ మాట వల్లించుకుంటే లాభపడేది పాచి పులుసు అమ్మేవాడే. విడ్డూరమేమిటంటే, ఇక్కడ నోరు మెదపని ఇదే మనిషి ఫోన్లో యాప్ ద్వారా తెప్పించుకున్న బిర్యానీ బాగాలేకపోతే ఫొటో తీసి పంపి డబ్బు వెనక్కి అడుగుతాడు. అక్కడ లేని మొహమాటం ఇక్కడెందుకు? అక్కడ ఎదురుగా మనిషి ముఖం కనపడదు, పక్క టేబులు వాళ్లు చూడరు. అడ్డొచ్చేది అన్నం మీద గౌరవమేమీ కాదు, నలుగురిలో చులకనవుతామన్న భయం.

చట్టం మనవైపే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం, బిల్లు మీద గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన అది మారదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

హోటళ్లవాళ్ల బాధా విన్నాను. ముప్పాతిక భాగం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి బాగాలేదనేవాళ్లు ఉన్నారట. ఉంటారు. ఉప్పు తగ్గిందనీ, కారం ఎక్కువైందనీ డబ్బు వెనక్కి అడగడం నేనూ ఒప్పుకోను, అది నాలుక గొడవ. పాడైతే అడగాలి, అదీ రెండో ముద్దకే అడగాలి. తగ్గించిన సొమ్ము వడ్డించే కుర్రాడి జీతంలో కోస్తే మాత్రం అది ఇంకో అన్యాయం. అందుకే కుర్రాడితో కాదు, యజమానితోనే మాట్లాడాలి.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ రోజు ఆయన కాదని మొండికేస్తే నా దగ్గర రుజువేముంది? పెన్సిలుతో 'భో 1, పు 1' అని గీకిన కాగితం ముక్క. ఆహార వ్యాపారి ఇచ్చే బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అడిగితే బిల్లు ఇవ్వకపోవడాన్నీ 2019 చట్టం అనుచిత వ్యాపారమనే అంటోంది. అయినా మనం అడగం. "మనోడే గదా" అంటాం.

హోటల్లో 140 రూపాయలకు అలవాటైన ఈ మొహమాటం అక్కడితో ఆగితే నేనింత రాసేవాణ్ని కాదు. అదే మనిషి విత్తనాల కొట్లోనూ "మనోడే గదా" అనే అంటాడు. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే. మొలక రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి పరిహారం అడగొచ్చు. కొన్న సరుకుకు కట్టిన డబ్బు 5 లక్షలు దాటనంత వరకు ఫీజు కూడా ఉండదు. కాకపోతే అక్కడ మొదట అడిగేది బిల్లే.

ఒంగోలు అవతల మా బంధువు ఒకాయన మిరప వేశాడు. నారు సగం కూడా లేవలేదు. కొట్టువాడిచ్చిన కాగితం చూపించమంటే చొక్కా జేబులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. విత్తనం పేరు లేదు, లాట్ నంబరు లేదు, తేదీ లేదు. ఒక అంకె, దాని కింద రెండు గీతలు.