నీళ్లు పడని బోరు అప్పు ఎవరిది?

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతుని ఎన్నెకరాలని అడిగితే ఠక్కున చెప్తాడు. ఎన్ని బోర్లు వేశావని అడిగితే మాత్రం వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంటాడు. వేసినవి ఎన్ని, నీళ్లు పడినవి ఎన్ని, పడి ఎండిపోయినవి ఎన్ని... అప్పు ఎక్కడ మొదలైందో ఆ లెక్కలోనే తెలిసిపోతుంది.

వ్యవసాయంలో టెక్నాలజీ గురించి మాట్లాడేటప్పుడు మనం దిగుబడి దగ్గరే ఆగిపోతాం. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు పెరిగాయన్నదే లెక్క. రెండెకరాల రైతు విషయంలో అంతకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. అది పని చెయ్యకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

బోరుబావి చెడ్డదని ఎవరూ అనరు. నీళ్లు పడిన ఇంట్లో వలస ఆగింది, పిల్లలు కాలేజీ దాకా వెళ్లారు. కానీ రాయలసీమలోనూ తెలంగాణలో చాలా చోట్లా కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో దొరికితేనే నీళ్లు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల పాయింట్ చూసే మనిషిని నమ్మి, తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండిని పొలంలోకి దించుతారు. నీళ్లొచ్చినా దుమ్మొచ్చినా అడుగు రేటు అడుగు రేటే. ఆరేడు వందల అడుగులు దిగాక దుమ్మే వస్తే, ఆపుదామా ఇంకో వంద చూద్దామా అన్న నిర్ణయం అర్ధరాత్రి బండి పక్కన నిలబడి తీసుకోవాలి. పదెకరాల ఆసామికి అది ఒక పోయిన బోరు. రెండెకరాల వాడికి అది పెళ్లాం మెడలోని బంగారం.

ఇక్కడ ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి నుంచి తెలంగాణలో 24 గంటలూ ఇచ్చారు. మంచిదే. కానీ ఆ సాయం అందేది బోరులో నీళ్లున్న వాడికే. రెండు మోటార్లున్న వాడికి రెండింతలు, బోరు పోయిన వాడికి సున్నా. పైగా పక్క పొలంలో ఎనిమిది వందల అడుగుల బోరు పడితే, మూడు వందల అడుగుల్లో ఉన్న నీ బోరు వట్టిపోవచ్చు. ఆ మెషిన్ నువ్వు కొనలేదు, దాని నష్టం మాత్రం నీకొచ్చింది. బోర్ల మధ్య దూరం ఉండాలని, అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతూనే ఉంది. దాన్ని తలుచుకునేది ఎవరు?

2019 జాతీయ నమూనా సర్వేలో దేశంలో వ్యవసాయ కుటుంబాల్లో సగానికి అప్పుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతానికి, తెలంగాణలో 92 శాతానికి ఉంది. ఆంధ్రలో ఒక్కో కుటుంబానికి సగటున 2.45 లక్షలు. ఇదంతా బోర్ల అప్పేనని నేననను. కానీ కొత్త పద్ధతులను ఇంతగా అందిపుచ్చుకున్న చోటే అప్పు ఇంతగా ఉండటం గురించి ఆలోచించాలి కదా.

పత్తిదీ ఇదే కథ. 2002లో బీటీ విత్తనం (కాయ తొలిచే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చినది) వచ్చాక మొదటి కొన్నేళ్లు పచ్చపురుగు మందుల ఖర్చు తగ్గిన మాట నిజం. అయితే విత్తనం ఏటా కొనాల్సిందే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం పోరాడితేనే 1,600 పైన ఉన్న ప్యాకెట్ 750కి దిగింది. ఆదిలాబాద్ వర్షాధార చేలో తొలకరి మోసం చేస్తే రెండోసారి ప్యాకెట్లు కొనాలి. తర్వాత గులాబీ పురుగు ఆ విత్తనానికి అలవాటు పడిపోయింది. రైతుకి మళ్లీ మందుల ఖర్చు మొదలైంది, విత్తనం ధర ఆ మేరకు తగ్గలేదు.

దీనికి పూర్తి భిన్నమైనది మన పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన స్థానం నుంచే వచ్చింది. అక్కడ పుట్టిన స్వర్ణ వరి తూర్పు రాష్ట్రాలన్నింటికీ పాకింది. ఒడిశా దేశవాళీ వరి జన్యువును దానిలోకి తెచ్చి చేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా మళ్లీ తేరుకుంటుంది. విత్తనం ఇంట్లో దాచుకోవచ్చు, పక్కింటికి ఇవ్వొచ్చు. ముంపు రాని ఏడు దిగుబడి మామూలు స్వర్ణకు తగ్గదు. ఒడిశాలోని భద్రక్, బాలాసోర్ జిల్లాల్లో 128 గ్రామాల్లో ఆర్థికవేత్తలు దీన్ని పరీక్షించారు. ముంపు భూములు ఎక్కువగా దళితుల చేతిలో ఉండటంతో వాళ్లకే ఎక్కువ మేలు జరిగే వీలుందని తేలింది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది మరొకటి. పంట పోతుందన్న భయం తగ్గగానే రైతులు ఎరువులు ఎక్కువ వేశారు, సాగు విస్తీర్ణం పెంచారు, అప్పు తీసుకోవడానికి కూడా వెనకాడలేదు. అప్పటిదాకా వాళ్లు వెనకబడి ఉన్నది తెలియక కాదు, టెన్షన్‌తో.

యంత్రాల సంగతి కొంచెం వేరు. డ్రోన్ అద్దెకి తెచ్చుకుంటే అది చెడిపోతే బాధ యజమానిది, రైతుది కాదు. ఆ మేరకు నయమే. కానీ అదే 2019 సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబానికి నెలకు వచ్చే 10,218 రూపాయల్లో కూలి, జీతాల వాటా 4,063 అయితే, పంట మీద మిగిలేది 3,798. అంటే చిన్న రైతు సగం కూలీ కూడా. కోత మిషన్ తన మడిలో ఖర్చు తగ్గిస్తుంది, పక్క మడిలో తన భార్యకు దొరికే కోత కూలిని తీసేస్తుంది. ఈ రెండింటినీ కలిపి లెక్కవేసిన అధికారిని నేనింకా చూడలేదు.

డ్రిప్పుకి, డ్రోనుకి సబ్సిడీ ఇస్తున్నాం. నీళ్లు పడని బోరు ఖర్చులో సగమైనా భరించే పథకం ఎందుకు ఉండకూడదు? నలుగురు కలిసి ఒకే బోరు వాడుకుంటే, కొత్తది వెయ్యబోమని ఒప్పుకుంటే ఆ నలుగురికీ పైపులైను ఉచితంగా వెయ్యొచ్చు. దాని ఖర్చు ఉచిత కరెంటు బిల్లు ముందు ఏపాటి? ఇంత చేసినా కౌలు రైతు మిగిలే ఉంటాడు. చాలా దరఖాస్తులకు ముందు అడిగేది పట్టాదారు పాసుపుస్తకమే, అది అతని దగ్గర లేదు.