ఉత్తరం అందలేదండి

ఈమధ్య మా కోనసీమలో ఉత్తరాల మీద బెంగ పెట్టుకున్నవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. ఆ బెంగంతా వాట్సాప్‌లోనే వెళ్ళబోసుకుంటున్నారు, అది వేరే సంగతి. చేతిరాతలో ఆప్యాయత ఉందట. సిరా వాసన ఉందట. పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లులో ఏదో సంగీతం కూడా ఉందట. ఉండొచ్చు, కాదనను. కాకపోతే అసలు సుఖం ఏమిటో ఎవరూ బయటికి చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్పాల్సి వస్తోంది. ఉత్తరం అందినా అందలేదని చెప్పుకోవచ్చు. సుఖమంటే అదీ.

గోదారి జిల్లాల వాళ్ళకి "లేదు" అనడం రాదు. అడిగినవాడి మొహం మీద ఇవ్వనంటే మర్యాద పోతుంది, ఇస్తే డబ్బులు పోతాయి. 1879లో పావు అణాకి పోస్టుకార్డు వచ్చింది మొదలు ఈ రెండిటి మధ్యా నలిగిపోకుండా మమ్మల్ని కాపాడింది తపాలా శాఖే. "అయ్యో, మీ కార్డు అందలేదండి! అంది ఉంటే నేనే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదండీ!" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెబితే అడిగినవాడికి కోపం రాదు, చెప్పినవాడికి పాపం అంటదు. పడేదేదో పోస్టుమ్యాన్ మీద పడుతుంది. ఆయన యూనిఫారం ఖాకీది, మరకలు కనబడవు.

మా నాన్నగారు ఈ విద్యలో ఆరితేరినవారు. వసారా దూలానికి ఒక ఇనప తీగ వేలాడుతుండేది. కింది కొసన గుండ్రటి చెక్కబిళ్ళ, పై కొసన కొంకి. వచ్చిన కార్డు వచ్చినట్టే దానికి గుచ్చేసేవారు. చిన్నప్పుడు ఒకసారి ఆ కట్ట మొత్తం దింపి చూశాను. ప్రతి కార్డుకీ నడిమధ్య తుప్పు రంగు చిల్లు. తేరిపార చూస్తే అన్నీ నడిమధ్య లేవు. అప్పు అడిగిన కార్డుల్లో ఆ చిల్లు సరిగ్గా అంకె మీద పడింది. 500లో ఒక సున్నా పోయి 50 మిగిలింది.

రాసేవాళ్ళేమైనా తక్కువ తిన్నారా! "మహారాజశ్రీ బావగారికి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని మొదలెట్టి, ఆవు ఈనిన సంగతి, కొబ్బరికాయ ధర పడిపోయిన సంగతి, పెద్దమ్మాయి పెళ్ళిచూపుల సంగతి అన్నీ తీరిగ్గా రాసి, ఇన్లాండ్ లెటర్లో ఆఖరి మడత మీద, జిగురు పక్కన, చీమ తలకాయంత అక్షరాలతో అసలు విషయం పెట్టేవారు. చింపేటప్పుడు చెయ్యి కాస్త జారితే "పంపగలరు"లో "పంప" పోయి "గలరు" మిగిలేది. గలరు అని మాత్రమే రాసిన ఉత్తరానికి డబ్బులు ఎక్కడ పంపుతాం?

గోదారమ్మ కూడా తన వంతు చేసింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. మా వీధిలో 1989 దాకా జవాబు రాయని ఉత్తరాలన్నీ ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయాయి. 1996 నవంబరు తుపానుని మాత్రం ఎవరూ ఇలా వాడుకోలేదు. అది నిజంగా తగిలింది.

1972లో పిన్‌కోడ్ పెట్టినప్పుడు ఇక మన పని అయిపోయిందని పెద్దలు దిగులుపడ్డారట. అనవసరం. తూర్పుకి 533, పశ్చిమకి 534. చివర మూడు పొరపాటున నాలుగైందంటే కార్డు నది దాటి, నరసాపురం వైపు చుట్టాలందరినీ పలకరించి తిరిగొస్తుంది. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని పొడుపుకథ వేసినవాడు ఆ పిట్ట సరైన ఇంటి మీద వాలుతుందని ఎక్కడా హామీ ఇవ్వలేదు.

ఇంత నాగరికతనీ రెండు గీతలు నాశనం చేశాయి. 2014 నవంబరులో వాట్సాప్ వాళ్ళు నీలం టిక్కులు పెట్టారు. మనం చదివేశామని అవతలివాడికి చెప్పేయడమా! ఏ ఊరి మర్యాదండీ ఇది? పోస్టుమ్యాన్ ఏనాడైనా వెనక్కి వెళ్ళి, "మీ కార్డు ఆయన చదివాడండి, చదివి మొహం ముడుచుకున్నాడండి" అని చెప్పాడా? కాబట్టి ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే. చేబదుళ్ళు, సిఫార్సులు, ఆడపడుచుల అలకలు ఇకమీదట చేతిరాతతో తపాలాలోనే నడవాలని చట్టం తేవాలి. కార్డు ఖరీదు 50 పైసలు. దేశంలో ఇంత చవగ్గా దొరికే మనశ్శాంతి ఇంకోటి లేదు.

ఒకరికి చెప్పేముందు మనం చేసి చూపాలి కదా. కొబ్బరి తోటకని మా బావగారు పట్టుకెళ్ళిన 20 వేలు రెండు సంక్రాంతులు దాటినా తిరిగి రాలేదు. అమలాపురం నుంచి రాజోలు ఎంత దూరమని? ఫోన్‌లో అడగడానికి మర్యాద అడ్డొచ్చింది. నాన్నగారి రత్నం పెన్ను బయటికి తీశాను. గాంధీగారు 1935లో బాగుందని ఉత్తరం రాసింది ఈ రాజమండ్రి పెన్నుల గురించే. కడిగి సిరా పోస్తే అది ముందు నా వేళ్ళ మీద రాసింది, తర్వాత లుంగీ మీద, ఆఖరికి కాగితం మీద. ఆవు లేదు కాబట్టి కుక్కపిల్ల సంగతి రాశాను. అసలు విషయం పద్ధతి ప్రకారం ఆఖరి మడత మీద పెట్టాను.

నాలుగో రోజు అక్క ఫోన్. "ఒరేయ్, ఉత్తరం వచ్చిందేంట్రా! ఎవరికేమైంది? మీ బావగారు చదవకుండానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు!" ఎవరూ పోలేదని నమ్మించడానికి అరగంట పట్టింది.

సాయంత్రానికి ఉత్తరం ఫొటో మా చుట్టాల గ్రూపులో ప్రత్యక్షమైంది. 23 నమస్కారాలు, 11 పువ్వులు. దస్తూరీ ముత్యాల్లా ఉందన్నారు. మా పిన్ని అయితే అచ్చం నాన్నగారి చేతిరాతేనని ఏడుపు బొమ్మ పెట్టింది. అందులో ఏముందో ఒక్కరూ చదివినట్టు లేదు. "మరి నేను రాసిన విషయం?" అని బావగారికి విడిగా మెసేజ్ పెట్టాను. రెండు గీతలూ నీలంగా మారాయి. రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"బావా, అద్భుతంగా రాశావయ్యా! చదువుతుంటే కళ్ళు చెమర్చాయంటే నమ్ము. అయితే మీ అక్క తొందరపడి విప్పడంలో ఆ ఆఖరి మడత కాస్తా చిరిగిపోయింది. అక్కడేదో రాసినట్టున్నావు పాపం. తీరిగ్గా ఇంకో ఉత్తరం రాయకూడదూ?"

గ్రూపులోని ఫొటో పెద్దది చేసి చూశాను. చిరుగు కత్తెరతో కత్తిరించినంత తిన్నగా ఉంది.