వివరాలకు ఫోన్ చేయాలంట!

పొద్దున్నే వాట్సాప్‌లో ఓ పాంప్లెట్ తిరుగుతోంది, చూశారా? బెజవాడలో దివ్యాంగ విద్యార్థులకు ప్రత్యేక జాబ్ మేళా. వినపడని పిల్లలకు ప్యాకింగ్ ఉద్యోగాలున్నాయంట. కింద పెద్దక్షరాల్లో "వివరాలకు ఫోన్ చేయండి". వినపడని పిల్లాడు ఫోన్ చేయాలి! మెసేజ్ పెట్టొచ్చని ఓ ముక్క రాస్తే సొమ్మేం పోయింది? మేళా మూడో అంతస్తులో. లిఫ్ట్ సంగతి రాయలేదు గానీ, ముఖ్య అతిథుల ఫొటోలకు మాత్రం చోటు సరిపోయింది.

అసలు పిల్లల్ని ఉద్యోగానికి సిద్ధం చేయడం మేళా రోజున మొదలుపెట్టే పనా? ఎనిమిదో తరగతిలోనే మొదలవ్వాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లో, ఆధార్‌లో, స్కూలు రికార్డులో పేరు ఒకేలా ఉందా? ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడక్షరం ఉంటే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. పదో తరగతి మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే ఎన్ని చెప్పులరగాలో మీకు నేను చెప్పాలా?

తర్వాత బస్సు. మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి పని రాక కాదు, దిగాల్సిన చోట దిగలేక ఉద్యోగం పోతుంది. ఓ వారం పక్క సీట్లో, ఇంకో వారం నాలుగు సీట్ల వెనక కూర్చుని, ఆపైన స్టాపులో నిలబడి నేర్పాలి. అదీ డ్యూటీ టైములోనే. మధ్యాహ్నం ఖాళీ బస్సులో నేర్పితే, పొద్దున ఎనిమిదింటి రద్దీలో తలుపు దాకా రాలేరు.

పనీ అంతే. డబ్బా మడవడం, సరుకు పెట్టడం, టేపు, స్టిక్కరు అని విడగొట్టి ఆఖరిదాంతో మొదలెట్టాలి. ముందువన్నీ మనం చేసి స్టిక్కరు వాడితో వేయిస్తే, మొదటిరోజే డబ్బా పూర్తి చేసినవాడు వాడే. లెక్క తప్పుతున్నాడా? పది గుంటల అట్ట ఇవ్వండి. గుంటలు నిండితే పది.

మనవాళ్ళు నేర్పేదేమో కొవ్వొత్తులు! చూపు లేకపోయినా కొవ్వొత్తే, వినపడకపోయినా కొవ్వొత్తే. పక్కనే బండ్ల రిపేరు షెడ్లతో అంత ఆటోనగర్ పెట్టుకుని!

ఇంకోటి ఎప్పట్నుంచో కడుపులో ఉంది. పోటీ పరీక్షల తెలుగు నోట్సు ఇంకా అను ఫాంట్లలోనా? పైకి తెలుగే, లోపలవన్నీ ఇంగ్లీషు కోడ్లు. చూపులేని కుర్రాడికి తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ వాటిని పిచ్చికూతల్లా చదివి పెడుతుంది. స్కాన్ పీడీఎఫ్ అయితే ఆ కూతలూ ఉండవు. ఎన్‌వీడీఏ ఉచితం, యూనికోడ్ ఉచితం. ఊరికే వస్తే మనకు చులకన. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సర్కారు కొలువుల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిందని మైకులో చెప్పడం మాత్రం మానరు.

సరే, ఎవరైనా ఆ నంబరుకు ఫోన్ కొట్టి లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కనుక్కుని కింద రాయండి. మీకు వినపడుతుంది కదా.