కర్త లోపించిన వాక్యం

టీమ్ లీడ్ పదవి నన్ను వరించి నాలుగు నెలలయింది. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చొని కంపెనీని తిట్టుకున్న స్నేహితులకే ఇవాళ పని పురమాయించవలసి రావడంలో ఒక చిక్కు ఉన్నది. పేరు పెట్టి చెబితే అధికారం చూపిస్తున్నాడంటారు, చెప్పకపోతే పని సాగదు. అందుకని నేను "ఈ పని నువ్వు చెయ్యి" అనడం మాని, "ఈ పని చూసుకోవాలి" అనడం అలవాటు చేసుకున్నాను. మన భాష ఎంత ఉదారమైనదంటే, కర్త కనిపించకపోయినా వాక్యం నిండుగానే వినిపిస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

మొదట మేము ఆరుగురం. పని ఆలస్యమవుతున్నదని తెలియగానే పైవారు ఉదారంగా మరో ఐదుగురిని ప్రసాదించారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పనికి మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని, ఐబీఎంలో ఓ భారీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించి చేతులు కాల్చుకున్న ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాసిపెట్టాడు. ఆయన లెక్క ప్రకారం ఆరుగురిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి 15 జతలుంటే, పదకొండు మందిలో 55 ఉంటాయి. మనుషులు రెట్టింపైనా కాలేదు గాని, మాటలు మాత్రం మూడున్నర రెట్లు దాటాయి. 15 నిమిషాల్లో ముగియవలసిన మా పొద్దుటి స్టాండప్ సమావేశం నిలబడే మొదలై, కాసేపటికి గోడకు ఆనుకొని, చివరికి కుర్చీలు లాక్కొని కూర్చొని ముప్పావు గంట సాగేది.

ఇలా ఉండగా ఒక శనివారం రాత్రి పది గంటలకు కొత్త వెర్షన్ రిలీజు పెట్టుకున్నాము. రాయదుర్గంలోని మా ఆఫీసుకు అందరూ రావాలి, తెల్లవారేదాకా ఉండాలి. శుక్రవారం సాయంత్రమే మెయిలులో పనులన్నీ వరుసగా రాసి, వాటి మధ్య "రిలీజుకు ముందు డేటాబేస్ బ్యాకప్ తీసి ఉంచాలి" అనే వాక్యాన్నీ చేర్చాను. శనివారం ఐదింటికి వాట్సాప్ గ్రూపులో "రాత్రికి బిర్యానీ సంగతి ఎవరో ఒకరు చూడండి" అని రాశాను. రెండింటికీ జవాబుగా పదేసి బొటనవేళ్ళు లేచాయి. ఏకలవ్యుడు జీవితంలో ఒకే ఒక్క బొటనవేలు ఇచ్చి చరిత్రలో నిలిచిపోయాడు. మావాళ్ళు రోజుకు ఎన్ని ఇస్తారో లెక్కే లేదు.

ఎనిమిదిన్నర దాటినా బిర్యానీ జాడ లేకపోవడంతో నాకు అనుమానం వచ్చింది. లీడ్ అన్నవాడు ముందుచూపుతో మెలగాలి కదా అని, ఎవరికీ చెప్పకుండా నేనే ఒక ఫ్యామిలీ ప్యాకుకు ఆర్డరు పెట్టి, నా కార్యదక్షతకు నేనే మురిసిపోయాను. తొమ్మిదింటికి గేటు దగ్గరి సెక్యూరిటీ అన్న ఫోన్ చేసి పార్శిల్ వచ్చిందన్నాడు. తెచ్చుకున్నాము. అయిదు నిమిషాలకు మళ్ళీ ఫోన్. "సార్, ఇంకొకాయన వచ్చిండు, గిది గూడ మీదేనా?" మాదే. మూడోసారికి ఆయన గొంతులో విసుగు, నాలుగోసారికి జాలి, ఆరోసారికి భక్తి వినిపించాయి. "సార్, పైన ఏమన్న పెండ్లి ఉన్నదా?" అని ఎనిమిదో పార్శిల్‌కు అడిగాడు.

విచారణలో తేలిందేమంటే, నాలాగే మరో ఏడుగురు కూడా "పాపం, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు" అని తలా ఒక ఆర్డరు రహస్యంగా పెట్టారు. రాజుగారు ఊరందరినీ చెంబెడు పాలు తొట్టిలో పోయమంటే, పక్కవాడు పాలు పోస్తాడులే అని ప్రతివాడూ నీళ్ళు పోసిన కథ మనందరికీ తెలుసు. మా దగ్గర అది తిరగబడి తొట్టి పొంగిపోయింది. నలుగురికి సరిపడే ప్యాకులు ఎనిమిది, అంటే ముప్పై రెండు మంది భోజనం, తినేది పదకొండు మంది. సమావేశాల బల్ల మీద మూతల కింద ఆవిరి పట్టిన ఆ ఎనిమిది డబ్బాలు, వాటి చుట్టూ సాలన్, రైతా పొట్లాలు, నిమ్మచెక్కలు, ఉల్లి చక్రాలు చూస్తుంటే, మా ప్రాజెక్టులో ఇంత నిండుగా అందిన డెలివరీ ఇదొక్కటే అనిపించింది. అన్నీ చికెనే. మా బృందంలోని ఏకైక శాకాహారి, మా అందరికన్నా పెద్దవారైన డేటాబేస్ పెద్దమనిషి సంగతి ఎవరో ఒకరు చూసుకుంటారని ఎనిమిది మందీ అనుకున్నారు.

తొమ్మిదీ ముప్పావుకు నేను చేయి కడుక్కొని వచ్చి, "బ్యాకప్ అయింది కదండీ?" అని ఆయననే అడిగాను. "ఎవరు తీశారండీ?" అన్నారాయన, ఎంతో ఆసక్తిగా. నేను పక్కవారి వంక చూశాను, పక్కవారు ఆ పక్కవారి వంక చూశారు. ఆ చూపు పది మందినీ చుట్టి మళ్ళీ నా దగ్గరకే వచ్చింది.

అప్పుడు నాకు, లీడ్లకిచ్చిన శిక్షణలో విన్న ఒక ప్రయోగం గుర్తొచ్చింది. 1968లో లాటానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిని గదిలో కాగితాలు నింపుతూ కూర్చోబెట్టి లోపలికి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది లేచి వెళ్ళి చెప్పారట. ముగ్గురేసి కూర్చున్న బృందాలను తీసుకుంటే 38 శాతం బృందాల్లోనే ఎవరో ఒకరు కదిలారట. ఆ రోజు ఆ ముగ్గురినీ తలుచుకొని కడుపుబ్బ నవ్వుకున్నాను. ఇప్పుడు మేము పదకొండు మంది, పొగకు బదులు బిర్యానీ ఆవిరి, అంతే తేడా. నా మెయిలు తీసి మళ్ళీ చదివాను. "బ్యాకప్ తీసి ఉంచాలి." బడిలో తెలుగు మాస్టారు కర్త, కర్మ, క్రియ అని బల్ల మీద బెత్తంతో కొడుతూ ఎందుకు వల్లె వేయించారో అప్పటికి అర్థమైంది. నా వాక్యంలో క్రియ ఉన్నది. కర్త లేడు. కర్మ మాత్రం మా అందరిదీ.

బ్యాకప్ లేకుండా రిలీజు చేస్తే, ఏదైనా చెడినప్పుడు వెనక్కి రావడానికి దారి ఉండదు. అందుచేత అప్పుడు మొదలుపెట్టాము, దానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆ పెద్దమనిషి స్క్రీను మీద పాకుతున్న శాతాలను చూస్తూ, డ్రాయరులో దొరికిన ఉస్మానియా బిస్కట్లను రైతాలో ముంచుకొని తిన్నారు. పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. మిగిలిన ప్యాకులు సెక్యూరిటీవారికీ, క్యాబ్ డ్రైవర్లకూ పంచాము. రిలీజు పూర్తయ్యేసరికి దుర్గం చెరువు వంతెన మీద పొద్దుటి పరుగులవాళ్ళు వచ్చేశారు.

సోమవారం ఉదయం మా మేనేజరు గారి సందేశం గ్రూపులో కనిపించింది: "శనివారం జరిగిన జాప్యానికి మూలకారణ నివేదిక ఈ రోజే పంపవలెను." ఆ వాక్యంలో కర్త ఎక్కడున్నాడా అని నేను వెతుకుతుండగానే దాని కింద పదకొండు బొటనవేళ్ళు లేచాయి. వాటిలో మొదటిది నాదే.