గ్రూపు ఏమిటని కాదు, లెక్క వచ్చా అని అడగండి

మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు రాయకముందే వాళ్ళింటికి ఫోన్లు మొదలయ్యాయి. ఓ రోజు సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. కాలేజీ పీఆర్వో అట. ‘సార్, పాపకి ఎంపీసీనా, బైపీసీనా? ఇప్పుడే చెప్పేస్తే ఫీజులో కొంత తగ్గించి రాయిస్తా’ అంటున్నాడు. బావ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి వంటింటి వైపు తిరిగి, ‘ఏమే, ఏం చెప్పను?’ అన్నాడు. ‘దానికి సైన్సులో మార్కులు బాగానే వస్తాయిగా, బైపీసీ అనండి’ అంది అక్క. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సమయానికి పిల్ల ట్యూషన్‌లో ఉంది.

ఇంటర్ అయింది. నీట్ రెండుసార్లు రాసింది, మధ్యలో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్. సీటు రాలేదు. ఇప్పుడు స్టాటిస్టిక్స్ చదువుతానంటోంది. ఆ సబ్జెక్టు ఉన్న డిగ్రీకి ఏ కాలేజీకి వెళ్ళినా మొదటి ప్రశ్న ‘ఇంటర్లో మ్యాథ్స్ ఉందామ్మా?’ అనే.

ఆ ప్రశ్న తప్పని నేననను. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే మాత్రికలు, అవకలన సమీకరణాలు ఎదురవుతాయి. ఇంటర్లో లిమిట్స్, సమాకలనం ముట్టుకోని పిల్లవాడు అక్కడ నీళ్ళు నములుతాడు. మెడిసిన్‌కి జీవశాస్త్రం కావాలనడానికి వాదనే అక్కర్లేదు. ముందస్తు అర్హత ఉండాల్సిందే. కానీ మన దగ్గర ఆ అర్హతను కొలిచేది గ్రూపు పేరుతో. ఎంపీసీ అని రాసి ఉంటే లెక్కలు వచ్చినట్టు, బైపీసీ అని ఉంటే రానట్టు. రెండూ నిజం కావు.

ముందు ఎంపీసీ సంగతి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అర్హత మార్కు 25 శాతం, అంటే 40. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్న చదవకుండా కళ్ళు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ నొక్కినా సగటున వచ్చేవి సరిగ్గా 40 మార్కులే! ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కు నిబంధన కూడా లేదు. అది సామాజిక న్యాయం కోసం పెట్టింది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది వడపోత గురించి. దీనికి తోడు ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టులన్నీ కలిపి 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. మ్యాథ్స్ పేపర్లన్నీ బొటాబొటిగా గట్టెక్కి, ప్రాక్టికల్స్ మార్కులతో ఆ 45 దాటిన పిల్లలు ఎంతమందో లెక్చరర్లను అడగండి. వాళ్ళకు లెక్కలు వచ్చని వ్యవస్థ నమ్ముతుంది.

బైపీసీ వాళ్ళ తమాషా ఇంకోటి. మన ఇంటర్లో ఫిజిక్స్ పుస్తకం ఎంపీసీకీ బైపీసీకీ ఒకటే. సరళరేఖలో చలనం అనే పాఠంలో తక్షణ వేగం అంటే డీఎక్స్ బై డీటీ అని వస్తుంది. ఎంపీసీ పిల్లలకు అది కొన్ని నెలల తర్వాతైనా మ్యాథ్స్ క్లాసులో వివరంగా చెబుతారు. బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ సారే రెండు పీరియడ్లలో అవకలనం నేర్పేసి ముందుకు పోతాడు. వాళ్ళు దాంతోనే రెండేళ్ళు నెట్టుకొస్తారు, నీట్‌లో ఫిజిక్స్ లెక్కలూ చేస్తారు. అయినా లెక్కల తలుపు దగ్గరికి వస్తే వాళ్ళు ‘మ్యాథ్స్ లేనివాళ్ళు’.

పోనీ మ్యాథ్స్ లేకపోతే బీటెక్ అసాధ్యమా అంటే అదీ కాదు. బయోటెక్నాలజీ లాంటి బ్రాంచీల్లోకి బైపీసీ స్ట్రీమ్ నుంచి పిల్లలు ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉన్నారు. బీఫార్మసీకి రెండు గ్రూపుల వాళ్ళూ వస్తారు, కౌన్సెలింగ్ మాత్రం విడివిడిగా. అంటే అవసరమనుకున్నచోట వ్యవస్థకు వంగడం వచ్చు.

2021 మార్చిలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) దీన్ని ఒక్కసారిగా మార్చబోయింది. ఇంజినీరింగ్‌లో చేరాలంటే 14 సబ్జెక్టుల జాబితాలో ఏ మూడైనా చదివి ఉంటే చాలని 2021-22 హ్యాండ్‌బుక్‌లో పెట్టింది. ఆ జాబితాలో కంప్యూటర్ సైన్స్, బయాలజీ, అగ్రికల్చర్‌తో పాటు బిజినెస్ స్టడీస్ కూడా ఉంది. తక్కువైన వాటికి యూనివర్సిటీలు బ్రిడ్జి కోర్సులు నడుపుకోవాలంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పటి నీతి ఆయోగ్ సభ్యుడు, డీఆర్‌డీవో మాజీ అధిపతి వి.కె.సారస్వత్ బాహాటంగానే తప్పుపట్టారు. మ్యాథ్స్ తప్పనిసరి కాదనడం లేదు, రాష్ట్రాల ఇష్టం అని మండలి సర్దిచెప్పుకుంది. మరుసటి ఏడాదికి ఆ సడలింపు ఆర్కిటెక్చర్, ఫ్యాషన్ టెక్నాలజీ, ప్యాకేజింగ్ టెక్నాలజీ దాకా కుదించుకుపోయింది.

ఆ ఆలోచన అంతా చెడ్డదని నేను అనుకోను. లోపం బ్రిడ్జి దగ్గరుంది. నది దాటించే వంతెనను కాలేజీలు తర్వాత కట్టుకుంటాయిలే అని ముందు జనాన్ని నీళ్ళలోకి దింపే పద్ధతి అది. అధ్యాపకుల పోస్టులే నిండని కాలేజీల్లో మొదటి సెమిస్టర్ పాఠాలతో పాటు రెండేళ్ళ ఇంటర్ గణితం ఎవరు చెబుతారు? అర్హత తీసేయడం ఒకటి, అర్హత సంపాదించుకోవడానికి దారి వేయడం ఒకటి. ఏఐసీటీఈ మొదటిది చేసి రెండోదాన్ని గాలికి వదిలేసింది.

వైద్య విద్యలో వచ్చిన మార్పు ఇంత చప్పుడు చేయలేదు కానీ నాకు అదే నచ్చింది. అంతకుముందు ఎంపీసీ చదివినవాడు తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు పనికిరాడు; రెండేళ్ళూ రెగ్యులర్‌గా కాలేజీలో చదివి ఉండాలనేవారు. 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ ఆ అడ్డు తీసేసింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేదా బయోటెక్నాలజీ, ఇంగ్లిష్‌లలో తక్కువైనదాన్ని పన్నెండో తరగతి తర్వాత అదనంగా రాసినా చెల్లుతుందని ప్రకటించింది. గమనించండి, బయాలజీ అక్కర్లేదని అనలేదు. ఎప్పుడు చదివావన్నది మాకు అనవసరం అంది, అంతే.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కూడా ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ అడుగుతారు. కామర్స్ చదివి విమానం నడపాలనుకున్నవాళ్ళు ఆ రెండు పేపర్లూ ఓపెన్ స్కూల్లో రాసుకుని వెళ్తారు. మనకు అలవాటైన దారే. మన ఇంటర్ వొకేషనల్ పిల్లలు కూడా బ్రిడ్జి కోర్సు రాసే పైచదువులకు వెళ్తున్నారు. కాకపోతే ఈ దారుల గురించి చెప్పే బోర్డు ఏ కాలేజీ గేటుకూ వేలాడదు. ర్యాంకుల ఫ్లెక్సీలకే చోటు చాలదు మరి.

యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ఇంకా ముందుకు వెళ్ళింది. మన నల్లగొండ జిల్లా మామిడాల జగదీశ్‌కుమార్ ఛైర్మన్‌గా ఉండగా 2024 డిసెంబర్‌లో ఒక ముసాయిదా వచ్చింది. పన్నెండో తరగతిలో ఏ సబ్జెక్టులు చదివినా సరే, ప్రవేశ పరీక్ష పాసైతే ఏ డిగ్రీలోనైనా చేరొచ్చన్నది దాని సారాంశం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో 2025 నుంచి ఇంటర్లో చదవని సబ్జెక్టులో పరీక్ష రాసే వీలిచ్చారు. సూత్రం సరైనదే. పరీక్ష నిజంగా ఆ సబ్జెక్టును కొలవగలిగితేనే అది నిలుస్తుంది. పైన చెప్పిన 40 మార్కుల తరహాలో ఉంటే మళ్ళీ మొదటికే.

కెనడాలో స్థిరపడిన మనవాళ్ళను అడిగితే వేరే లోకం కనిపిస్తుంది. ఒంటారియోలో వాటర్లూ యూనివర్సిటీ ఇంజినీరింగ్‌కు వెళ్ళాలంటే గ్రేడ్ 12లో అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, క్యాల్క్యులస్ అండ్ వెక్టర్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ ఉండాలి. చూస్తే మన ఎంపీసీయే. తేడా ఏమిటంటే అది కట్ట కాదు, విడివిడి కోర్సులు. ఒకటి వదిలేసినవాడు వేసవిలోనో ఆన్‌లైన్‌లోనో ఆ ఒక్కటీ పూర్తిచేసి అప్లికేషన్ పెట్టుకుంటాడు. అక్కడా టెన్షన్ ఉంటుంది, ఆ కోర్సు మార్కులు తగ్గితే సీటు పోతుంది. కానీ పదిహేనేళ్ళకు చెప్పిన ఒక్క మాటకు ఇరవై ఏళ్ళకు జరిమానా కట్టే పని లేదు.

మన దగ్గర ఆ ఒక్క మాట కూడా తరచూ పిల్లలది కాదు. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఏ గ్రూపుకు లెక్చరర్లు ఉంటే చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల ‘ఆసక్తి’ అదే అవుతుంది. ఆడపిల్లయితే బస్సు ఎక్కడి దాకా వస్తే అక్కడి గ్రూపు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్న చాలామందికి అప్పుడు లెక్కలంటే భయం, అంతే. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో గణితం పేపర్ రాయాలని వాళ్ళకు ఆ వయసులో ఎవరూ చెప్పరు. ఎకనామిక్స్ సీఈసీలో ఉన్న సబ్జెక్టే కదా అనుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి ఎంబైపీసీగా చదివే వీలు కల్పించారు. కావాలని తీసుకునే పిల్లలకు మంచిదే. అయితే ఏ తలుపు మూసుకుపోతుందోనన్న భయంతో తల్లిదండ్రులు రెండు బరువులూ నెత్తికెత్తుతారేమోనని నా గుబులు. పొద్దున్నే స్టడీ అవర్ నుంచి రాత్రి పది దాకా నడిచే హాస్టళ్ళలో ఇంకో సబ్జెక్టుకు గంట ఎక్కడ దొరుకుతుంది? నిద్రలోంచే.

దానికన్నా తేలికైన పని ఉంది. ప్రతి డిగ్రీ కోర్సూ తనకు కావాల్సింది గ్రూపు పేరుతో కాకుండా పాఠాల పేర్లతో చెప్పాలి. స్టాటిస్టిక్స్‌కు సంభావ్యత, సమితులు, అవకలనం, సమాకలనం కావాలా? అదే రాయండి. శాంకవాల మీద పట్టు ఉందా లేదా అన్నది ఆ డిగ్రీకి మొదటి రోజు అవసరం లేదు. ఆ పాఠాల మీద బోర్డు ఏడాదికి మూడు నాలుగుసార్లు పరీక్ష పెట్టొచ్చు. ఎంపీసీ వాళ్ళనూ అదే పరీక్ష రాయమనండి, చాలా విషయాలు బయటపడతాయి. కోచింగ్ సెంటర్లు వారంలోపే ‘బ్రిడ్జి స్పెషల్ బ్యాచ్’ బ్యానర్లు కడతాయని తెలుసు. కట్టనివ్వండి, లాంగ్‌టర్మ్ ఏడాదికన్నా అది చవకే.

ఇది ఊహ కూడా కాదు. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సులో చేరడానికి ఇంటర్ గ్రూపు అడగరు. ఏ గ్రూపుతోనైనా ఇంటర్ పాసై, పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. కానీ ఊరికే రానివ్వరు. నాలుగు వారాలు పాఠాలు చెప్పి, వారం వారం అసైన్‌మెంట్లు చేయించి, ఆ తర్వాత సెంటర్‌కు పిలిచి పరీక్ష పెడతారు. పాసైనవాళ్ళు లోపలికి.

మా మేనకోడలు ప్రస్తుతం ఆ నాలుగు వారాల్లోనే ఉంది. సమితులు, సరళరేఖలు, వర్గ సమీకరణాలు దాటి బహుపదుల దగ్గరికి వచ్చింది. మొన్న ఆదివారం వెళ్తే బల్ల మీద గ్రాఫ్ కాగితాలు పరుచుకుని కూర్చుంది. కష్టంగా ఉందా అని అడిగాను. ‘లేదు మామయ్యా, సగం పదో తరగతిలో చేసినవే. మధ్యలో మూడేళ్ళు నన్ను ముట్టుకోనివ్వలేదంతే’ అంది, తల పైకెత్తకుండానే.